కరీంనగరు వెండి తీగ పనియు, హబ్షీ దేశపు వెండి నగలును

పెండ్లిండ్ల కాలము వచ్చినదనగా మన పేటలనుండి అనేక కుటుంబములు కరీంనగరు, సిరిసిల్ల, జగిత్యాల వైపు బంధువుల ఇండ్లకు పోయి వచ్చుచుండును. తిరిగి వచ్చునప్పుడు కొందరు కుంకుమ భరిణెయో, అత్తరుదానియో, చిన్న నెమలి బొమ్మయో తెచ్చుదురు. వెలుతురు అటునుండి ఇటు పారునట్లు సన్నని వెండి తీగతో కట్టిన వస్తువు అది. దానిని చేతిలో పట్టుకొని "ఇంత తేలికగా ఉన్నదే, ఇంత ధర ఎందుకు?" అని అడుగువారు మనలోనే కలరు.

ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట తక్కినవారికంటె మన నేతపనివారికి ఎక్కువ అవసరము. ఏలననగా మన చీరను, మన చద్దరును బజారులో పట్టుకొని చూచువాడు కూడ ఇదే ప్రశ్న వేయుచున్నాడు. కావున వెండి తీగ పని ఎట్లు జరుగును, మన పూర్వుల జిల్లాలో అది ఎట్లు నిలిచినది, సముద్రమునకు ఆవల హబ్షీ దేశములో వెండి పనివారు ఏమి చేసిరి, వారికి ఏమి దక్కినది, దీనినుండి మనము గ్రహింపవలసినది ఏమి అను సంగతులను ఈ సంచికలో వివరించుచున్నాము.

ఎల్గందల్ నుండి కరీంనగరుకు

మన సోలాపూరులోని తెలుగు కుటుంబములలో చాలవరకు 19వ శతాబ్దిలోను, ఆ తరువాతను, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చినవే. 1877లో ఇచ్చట నూలుమిల్లు వెలసిన పిమ్మట ఆ రాకపోకలు మరింత పెరిగినవి. అట్లు మన పెద్దలు మగ్గము పనిని వెంట తెచ్చుకొనిరి. అదే ప్రాంతములో అవుసుల వృత్తివారు తమ చేతిపనిని ఊరు విడువక నిలుపుకొనిరి. అదియే కరీంనగరు వెండి తీగ పని. ఇంగ్లీషువారు దీనిని ఫిలిగ్రీ అందురు.

కరీంనగరునకు దగ్గరలో, మానేరు ఒడ్డున, ఎల్గందల్ అను పాత కోట కలదు. నిజాము కాలములో మొదట జిల్లాకు ముఖ్యస్థానము అదియే. ఈ పని ఎల్గందల్‌లో వేళ్లూనినదనియు, దానికి అక్కడ పేరు తెచ్చినవాడు కడార్ల రామయ్య అనియు ఆ ప్రాంతమువారు చెప్పుదురు. 20వ శతాబ్ది ఆరంభములో జిల్లా కచేరీలు కరీంనగరుకు మారినవి. అధికారులు, జాగీర్దార్లు, కొనువారు ఎక్కడ ఉందురో పనివారు కూడ అక్కడికే చేరుదురు గదా! ఆ విధముగా ఎల్గందల్ పని కరీంనగరు పేర ప్రసిద్ధికెక్కినది.

నిజాము ప్రభువుల కొలువులోను, నవాబుల ఇండ్లలోను వచ్చినవారికి అత్తరు పూయుట, పన్నీరు చల్లుట, తాంబూలమిచ్చుట మర్యాద. అందుకు కావలసిన అత్తరుదానులు, గులాబుదానులు, పాన్‌దానులు, పళ్లెములు ఈ పనివారు చేసి ఇచ్చిరి. నవాబుల కాలము పోయిన తరువాత చెవి కమ్మలు, గుండీలు, నగల పెట్టెలు, బొమ్మలు, జ్ఞాపికలు చేయసాగిరి. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 దేశాధినేతల సమావేశమునకు వచ్చినవారికొరకు అశోక చక్రము ఆకారముగల వెండి బ్యాడ్జీలు ఇచ్చటి పనివారి చేతులమీదుగానే తయారైనవి.

తీగ ఎట్లు తీయుదురు?

ఈ పనిని చూచిన నేతగాడు తన పనికి ఇది దగ్గరి చుట్టమే అనుకొనక మానడు. మొదట మేలిమి వెండిని మూసలో కరగించి కడ్డీగా పోయుదురు. వెండిలో రాగి ఎక్కువగా కలిసినయెడల తీగ బిరుసెక్కి తెగిపోవును. కావున తీగ పనికి మెత్తని వెండియే కావలెను. పొట్టిపీచు దూదితో సన్ననూలు వడకజాలనట్లే ఇది కూడ.

కడ్డీని సుత్తితో సాగగొట్టి కమ్మచ్చు గుండా లాగుదురు. కమ్మచ్చు అనగా వరుసగా రంధ్రములు గల ఉక్కు పలక. మొదటి రంధ్రము పెద్దది. తరువాతిది దానికంటె చిన్నది. ఆ తరువాతిది మరియు చిన్నది. తీగ కొనను సన్నముచేసి రంధ్రములో దూర్చి, పట్టకారుతో పట్టి ఇవతలికి లాగుదురు. ఒక్కొక్క రంధ్రము దాటినకొలది తీగ సన్నమగును, పొడవగును. మధ్యమధ్య తీగ గట్టిపడును గనుక కాల్చి మెత్తబరచి మరల లాగవలెను. ఇట్లు వెండ్రుకవలె సన్నమగువరకు లాగుదురు.

తరువాత రెండు సన్న తీగలను కలిపి పురి పెట్టుదురు. మనము రెండు పోగులు కలిపి మెలిపెట్టినట్లే. ఆ మెలితీగను అదిమి చదును చేయగా, దాని అంచున సన్నని పంటి గాట్లవంటి వరుస ఏర్పడును. వెలుతురు పడినప్పుడు ఈ పని మిలమిలలాడుటకు ఆ గాట్లే కారణము.

ఇక వస్తువు కట్టుట. కొంచెము మందమైన తీగతో ముందుగా చట్రము వంచుదురు. ఆకుగాని, పూవుగాని, నెమలి పింఛముగాని దాని బయటి గీత ఈ చట్రము. ఇది మన పడుగువంటిది. ఇది వంకరయైన తక్కిన పనియంతయు వంకరయగును. చట్రము లోపలి ఖాళీలో మెలితీగను చుట్టలుగా, మెలికలుగా వంచి ఒకదానిప్రక్క ఒకటి ఇరికించి నింపుదురు. ఇది పేకవంటిది. అన్నియు కుదిరిన తరువాత టంకము పొడియు, వెలిగారమును చల్లి, దీపపు మంటను ఊదుగొట్టముతో దానిమీదికి ఊదుదురు. టంకము కరగి వేలకొలది సందులలో పారి తీగను తీగతో అతుకును.

ఇచ్చటనే పనివాని ప్రాణము బిగబట్టుకొని యుండును. వేడి చాలనియెడల అతుకు పట్టదు. ఒక్క క్షణము ఎక్కువైనచో టంకముతోబాటు సన్నతీగ కూడ కరగి ముద్దయగును. రెండు దినముల పని వ్యర్థమగును. తెగిన పోగును మనము ముడివేసికొనగలము. కరగిన తీగను వెనుకకు తేజాలము. అతుకు పూర్తియైన తరువాత పలుచని గంధకామ్లములో వేసి నలుపు పోగొట్టి, కుంకుడుకాయ రసముతో తోమి తెల్లబరచుదురు. విడివిడిగా చేసిన ముక్కలను చివరకు ఒకటిగా చేర్చి పళ్లెమో, పెట్టెయో, నెమలియో నిలబెట్టుదురు.

తులము లెక్క

ఇప్పుడు ధర సంగతికి వత్తము. దీనికి కొంచెము లెక్క కావలెను. మన సభ్యులకు నూలు నంబరు లెక్క తెలియును గనుక ఇది కష్టము కాదు.

ఒక తులము, అనగా 10 గ్రాముల వెండిని, మిల్లీమీటరులో పదింట మూడువంతుల మందముగల తీగగా లాగినచో, అది దాదాపు 13 మీటర్లన్నర పొడవు వచ్చును. అదే తులమును అందులో సగము మందము వచ్చువరకు లాగినచో పొడవు రెండింతలు కాదు, నాలుగింతలగును. అనగా సుమారు 54 మీటర్లు. మందము సగమైన పొడవు నాలుగింతలగుట తీగకు ధర్మము. మన 40వ నంబరు నూలు 10 గ్రాములు దాదాపు 677 మీటర్లు వచ్చును. 80వ నంబరైనచో దానికి రెండింతలు. ప్రతి నేతగాని ఇంటిలో తెలిసిన సంగతియే: నంబరు పెరిగినకొలది బట్ట తూకము తగ్గును, మగ్గముమీద దినములు పెరుగును.

వెండి పనిలో మజూరిని సామాన్యముగా తూకమును బట్టి, గ్రామునకింత అని కట్టుట మన దేశములో చాలచోట్ల వాడుక. వర్తకుడు వెండి తూచి ఇచ్చును; పనివాడు వస్తువు తూచి అప్పగించును; తరుగు పోను మజూరి పుచ్చుకొనును. ముద్ద కడియమునకు ఈ పద్ధతి సరిపోవచ్చును. తీగ పనికి ఇది ఎంత విపరీతమో చూడుడు. 13 మీటర్ల తీగను వంచి పేర్చిన పనివానికిని, 54 మీటర్ల తీగను వంచి పేర్చిన పనివానికిని తులమునకు ఒకే మజూరి యైనయెడల, రెండవవాడు నాలుగింతలు పనిచేసి మొదటివానితో సమానముగా పుచ్చుకొన్నట్లగును. పనితనము ఎక్కువైనకొలది నష్టము ఎక్కువ. ఇట్టి లెక్క ఉన్నచోట పనివాడు ఏమి చేయును? తీగ మందము పెంచును. మందమైన తీగ పని త్వరగా సాగును, తూకము ఎక్కువ తూగును, మజూరి ఎక్కువ వచ్చును. కొంతకాలమునకు సన్నపని చేయు చేయి ఊరిలో మిగులదు. పనితనము పోయినదని అందరు విచారింతురు గాని, దానిని పోగొట్టినది తక్కెడయే అని తలచువారు తక్కువ.

"ఇంత తేలికగా ఉన్నదే, ఇంత ధర ఎందుకు?" అను ప్రశ్నకు జవాబు ఇదియే. తేలికగా ఉన్నది గనుకనే ధర ఎక్కువ. ఆ తేలికదనము పనివాని దినములతో సంపాదించినది.

2025లో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటి పైకి పోయినది. లోహము ధర పెరిగినంతమాత్రమున పనివాని మజూరి దానితోబాటు పెరుగదు. పైగా వస్తువు ధర చూచి కొనువాడు వెనుదీసినచో, వర్తకుడు తగ్గింపజూచునది మజూరినే. వెండి ధరను అతడు తగ్గింపజాలడు గదా. నూలు ధర పెరిగిన ప్రతిసారి మన మజూరిమీద పడు ఒత్తిడి కూడ ఇట్టిదే.

తేరు నుండి అదూలిస్ వరకు

ఇక హబ్షీ దేశము మాట. నేడు ఇథియోపియా అని పిలుచు దేశమును మన పెద్దలు హబ్షీ దేశమనిరి. అది మనకు బొత్తిగా క్రొత్త దేశము కాదు. అహమ్మదునగరు రాజ్యమును నడిపి 1626లో మరణించిన మాలిక్ అంబరు హబ్షీ దేశములో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి దక్కనుకు వచ్చినవాడే.

అంతకు చాల పూర్వము కూడ సంబంధము కలదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో, గ్రీకు భాష తెలిసిన వర్తకుడొకడు ఎర్ర సముద్రమునుండి మన తీరము వరకు గల రేవులను గూర్చి వ్రాసిన గ్రంథము ఉన్నది. దానిని పెరిప్లస్ అందురు. అందులో తగర అను పట్టణమునుండి ముతక బట్టలు, సన్నబట్టలు విస్తారముగా బండ్లమీద భరుకచ్ఛ రేవునకు పోవుచుండెనని యున్నది. ఆ తగరయే నేటి తేరు గ్రామము; మన సోలాపూరునకు ఉత్తరమున పొరుగు జిల్లాయైన ధారాశివ్‌లో ఉన్నది. అదే గ్రంథములో, హబ్షీ తీరపు రేవైన అదూలిస్‌కు హిందూదేశపు పశ్చిమ తీరమునుండి నూలుబట్టలు, మల్లుబట్టలు, ఉక్కు, లక్క దిగుమతి యగుచుండెనని కూడ వ్రాయబడినది. అనగా రెండువేల ఏండ్ల క్రిందట మన దక్కను పీఠభూమిలో నేసిన బట్టయు, హబ్షీ తీరపు రేవును ఒకే వర్తకపు దారిలో ఉన్నవి.

అదూలిస్ రేవును ఏలినది అక్సుము రాజ్యము. 3వ శతాబ్ది చివరినుండి 7వ శతాబ్ది వరకు ఆ రాజులు బంగారు, వెండి, కంచు నాణెములు వేయించిరి. వారి కంసాలుల నేర్పు ఎట్టిదనగా, కొన్ని వెండి, కంచు నాణెములమీద రాజు తల చుట్టునో, శిలువ గుర్తుమీదనో మాత్రము బంగారము పొదిగిరి. ఇంత చిన్న నాణెముమీద అట్టి పని మరియొక దేశములో అరుదు. అక్సుము బంగారు నాణెములు మన దక్షిణ దేశములో కూడ దొరికినవి. 4వ శతాబ్దిలో ఎజానా అను రాజు క్రైస్తవ మతము స్వీకరించి నాణెములమీద శిలువను వేయించెను. అప్పటినుండి ఆ దేశపు వెండి పనికి శిలువయే ముఖ్యమైన రూపమైనది.

ముద్దను కరగించి మెడలోనికి

హబ్షీ దేశపు క్రైస్తవ కుటుంబములలో బిడ్డకు జ్ఞానస్నానము చేయించినప్పుడు మెడలో నూలు త్రాడు కట్టుదురు. దానిని మాతెబ్ అందురు. ధనికుడైనను, పేదయైనను మొదట ఆ పోగు కావలెను; వెండి శిలువ దానికి తరువాత వచ్చి చేరును. మంగళసూత్రములో పుస్తెలకంటె ముందు పసుపు త్రాడు ఉన్నట్లే. లాలిబెలా, గొందరు, అక్సుము మొదలగు ఊళ్ల పేర్లతో శిలువలకు వేరువేరు రూపములు కలవు. అల్లికవలె ఒక పట్టీ క్రిందనుండి, ఒకటి పైనుండి పోవు వాటిని చూచిన మన చాప అల్లికయో, జంపఖానా అంచో జ్ఞాపకమునకు వచ్చును.

దేవాలయములలో ఊరేగించు పెద్ద శిలువలను మైనపు అచ్చుతో పోత పోయుదురు. తేనెమైనముతో రూపము చేసి, మట్టి పూసి కాల్చగా మైనము కరగి పోవును. ఆ ఖాళీలో లోహము పోయుదురు. మన ఆదిలాబాదు ఓజవారి డోక్రా పనియు ఈ పద్ధతిదే. తూర్పున ముస్లిము పట్టణమైన హరారులో స్త్రీల హారములు, కమ్మలు, తాయెత్తు గొట్టములు వెండి తీగతోను, గుండ్లతోను చేయుదురు. అరబ్బు వర్తకులు, హిందూదేశపు వర్తకులు తరతరములుగా రాకపోకలు సాగించిన ఊరది. తీగ పని తెలిసిన మనవారు హరారు కమ్మను చూచినచో ఇది ఏ దేశపుదో వెంటనే చెప్పజాలరు.

ఇన్ని నగలకు వెండి ఎక్కడిది? చాలవరకు నాణెములదే. ఆస్ట్రియా రాణి మరియా థెరెసా పేర ఒక వెండి నాణెము కలదు. తూకము 28 గ్రాములు. వేయి పాళ్లకు 833 పాళ్లు వెండి. ఆమె 1780లో మరణించినది. కాని ఆ నాణెముమీద నమ్మకము ఎంత గట్టిదనగా, ఆమె బొమ్మతో, 1780 సంవత్సరము అట్లే ఉంచి, తరువాతి కాలములో అనేక దేశముల టంకశాలలు దానిని వేయుచు వచ్చినవి. 1940-41లో మన బొంబాయి టంకశాలలో కూడ వేసిరి. హబ్షీ దేశములో 1945లో క్రొత్త నాణెము వచ్చువరకు అది చెల్లినది. కుటుంబమువారు దాచుకొన్న నాణెములను కంసాలికి ఇచ్చి కరగించి, మెడ శిలువలు, కడియములు, కాలి కడియములు చేయించుకొనిరి. కరవు వచ్చినప్పుడు ఆ నగ మరల తూకమునకు అమ్ముడుపోవును. మన పేటలో మగ్గములు ఆగినప్పుడు పట్టీలు, వడ్డాణములు సరాఫు దుకాణమునకు నడచినట్లే. అప్పుడు తక్కెడలో తూగునది వెండి మాత్రమే. చేసినవాని పనికి అందు చిల్లిగవ్వ ఉండదు.

పని గొప్పది, పనివాడు తక్కువవాడు

ఇంత పవిత్రముగా మెడలో ధరించు వస్తువును చేసినవానికి ఆ దేశములో దక్కిన మర్యాద ఏమి? కొలిమి పనివారిని ఊరివారు శంకతో చూచిరి. వారి చూపు తగిలిన జబ్బు చేయుననియు, రాత్రివేళ వారు దుమ్ములగొండి రూపు ధరింతురనియు పామరులు నమ్మిరి. గొందరు ప్రాంతములోని యూదమతస్థులు 15వ శతాబ్ది నాటినుండి భూమి హక్కు పోగొట్టుకొనుచు వచ్చి, కమ్మరము, వెండి పని, కుండల పని, నేత పని చేసికొని బ్రదికిరి. వారు చేసిన వస్తువు కావలెను. వారు మాత్రము దూరముగా ఉండవలెను. 1984-85లోను, 1991లోను వారిలో అత్యధికులు విమానములలో ఇశ్రాయేలు దేశమునకు తరలిపోయిరి. అందుకు మతము, యుద్ధము, కరవు మొదలగు కారణములు అనేకములు. కాని వారు పోవుటతో తరతరముల చేతిపని కూడ ఆ ఊళ్లను విడిచి పోయినది.

నేతపనివారి సంగతియు అట్టిదే. ఆ దేశమున చెంచా కొండలమీది దొర్జే వారు నేతలో ప్రసిద్ధులు. స్త్రీలు నూలు వడకుదురు, పురుషులు నేయుదురు. షెమ్మా అను తెల్లని నూలుబట్టకు రంగుల అంచు నేయుదురు. పండుగనాడు దానిని ధరింపని ఇల్లు లేదు. నేసినవారికి మాత్రము భూమిగలవారితో సమానమైన గౌరవము చిరకాలము దక్కలేదు.

ఇచ్చట ఒక మాట గమనింపదగినది. ఆ షెమ్మా రంగుల అంచును వారి భాషలో తిబెబ్ అందురు. తిబెబ్ అనగా జ్ఞానము, నేర్పు అని అర్థము. కొలిమి పనివానిని పిలుచు తయిబ్ అను మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే. దానికి మొదటి అర్థము తెలివిగలవాడు అని. అంచుకు ఆ పేరు గౌరవముగా నిలిచినది. మనిషికి అదే పేరు కాలక్రమమున తిట్టుగా మారినది. వస్తువును మెచ్చుకొని మనిషిని తక్కువచేయు లోకము తీరు ఈ ఒక్క మాటలో తెలియుచున్నది.

గుర్తింపు ఒకటే చాలునా?

మన దేశములో ఈ అన్యాయమునకు కొంత ప్రతిక్రియగా ఒక చట్టము వచ్చినది. 1999లో చేసి 2003 సెప్టెంబరులో అమలులోనికి తెచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టము అది. ఒక ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువును మరియొక ఊరివారు ఆ పేరుతో అమ్మరాదు. కరీంనగరు వెండి తీగ పనికి ఈ గుర్తింపు 2007లో వచ్చినది. అది ఒక వర్తకునికిగాక పనివారి సంఘమునకు లభించుట మనవంటి సంఘములు గమనింపవలసిన విషయము. ఇట్టి పనికే పేరుపొందిన ఒడిషాలోని కటకమునకు 2024లో లభించినది. మన సోలాపూరు చద్దరుకును, టెర్రీ టవలుకును ఈ గుర్తింపు ఉన్నది.

అయితే గుర్తింపు పత్రము గోడకు వ్రేలాడదీసినంతమాత్రమున మజూరి పెరుగదు. చట్టము ప్రకారము ఆ పేరు వాడుకొనదలచిన పనివారు అధీకృత వాడుకదారులుగా తమ పేరు నమోదు చేయించుకొనవలెను. గుర్తింపును పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. నకిలీ వస్తువు కనబడినప్పుడు సంఘము కదలవలెను. ఈ మూడును జరుగనిచో పేరు మనది, లాభము మరియొకరిది అగును.

వెండి పనిలో కూడ యంత్రపు పోత వస్తువులు తీగ పనియని చెప్పి అమ్ముచుందురు. కొనునప్పుడు మూడు సంగతులు చూడుడు. ఒకటి, మెలితీగ అంచున త్రాడువంటి సన్నని గాట్లు ఉండవలెను. పోత వస్తువునకు అంచు నున్నగా, మొద్దుగా ఉండును. రెండు, చేతిపనిలో ఒక చుట్టకు మరియొక చుట్టకు వెంట్రుకవాసి తేడా ఉండును. యంత్రపు పనిలో అన్నియు అచ్చు గుద్దినట్లుండును. మూడు, అదే పరిమాణములో పోత వస్తువు బరువుగా ఉండును. బరువుగా ఉన్నది గనుక మంచిదని మోసపోవలదు.

మనము చేయదగినది

హబ్షీ దేశపు కథయు, కరీంనగరు కథయు, మన మగ్గము కథయు ఒక్కచోటనే చేరుచున్నవి. ముడిసరుకు ధర వేరు, చేతిపని ధర వేరు. ఈ రెంటిని ఒకే అంకెలో కలిపి చెప్పినప్పుడెల్ల చేతిపని ధర ముడిసరుకు చాటున మరుగుపడును. రెంటిని విడివిడిగా వ్రాసి చూపిననాడు కొనువానికి బోధపడును, పనివానికి అడుగుటకు ఆధారము దొరకును.

కావున సభ్యులకు మేము చేయు సూచనలు ఇవి.

మొదటిది. కరీంనగరులోగాని, ఇచ్చటి సరాఫు బజారులోగాని తీగ పని కొనునప్పుడు వెండి తూకమునకింత, పనికింత అని రెండు వరుసలుగా చీటీ వ్రాయించుకొనుడు. పనికి పెట్టిన సొమ్ము విషయమున గీచి గీచి బేరమాడవలదు. మన మజూరిని ఇతరులు గీచినప్పుడు మన కడుపు మండును గదా.

రెండవది. మనము అమ్ము సరుకు చీటీలో కూడ నూలు ఇంత, రంగు ఇంత, ఆసు కండెల పని ఇంత, నేత మజూరి ఇంత అని వేరుగా చూపవలెను. ఆసు, కండెల పని చాల ఇండ్లలో స్త్రీలు, వృద్ధులు చేయుచున్నారు. అది లెక్కలోనికి రానందున ఉచితమువలె పోవుచున్నది. లెక్కలో వ్రాయని పని పనియే కాదని లోకము తలచును.

మూడవది. సన్ననూలు పనికి, ముతకనూలు పనికి మజూరి నిర్ణయించునప్పుడు గజము లెక్క ఒక్కటే చాలదు. అంగుళమునకు పేక పోగులు ఎన్ని, మగ్గముమీద దినములు ఎన్ని అను లెక్క కూడ చేర్చవలెను. లేనిచో తులము లెక్క తీగ పనివానిని ఎట్లు ముంచునో, గజము లెక్క మనలో నేర్పరియైనవానిని అట్లే ముంచును.

నాలుగవది. పని నేర్చుకొనుమని పిల్లలను బలవంతము చేయుట మా ఉద్దేశము కాదు. చదువుకొననిండు, ఉద్యోగములు చేయనిండు. కాని, మన పని తక్కువ పని అను మాట ఇంటిలో పిల్లల ఎదుట అనవలదు. హబ్షీ దేశములో ఆ మాట అన్నది ఊరివారు. మన ఇండ్లలో మనమే అనుకొనుచున్నాము. నేర్పరితనమునకు పెట్టిన పేరు తిట్టుగా మారుటకు కొన్ని తరములు పట్టినవి. అది ఇంటిలోనే మొదలైనచో ఒక్క తరము చాలును.

మన నగరములో చేతి మగ్గములు తగ్గి పవర్లూములు పెరిగిన సంగతి అందరికి తెలిసినదే. మిగిలియున్న కొద్ది చేతులలోని నేర్పునకు న్యాయమైన వెల కట్టించుటయే సంఘమునకు ప్రధానమైన పని. పై రెండవ, మూడవ సూచనలను రాబోవు సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టదలచినాము. మజూరి చీటీల నమూనా సంఘ కార్యాలయములో సిద్ధముగా నున్నది. సభ్యులు, ముఖ్యముగా ఆసు కండెల పని చేయు సోదరీమణులు, వచ్చి చూచి తమ అభిప్రాయములు తెలుపవలసినదిగా కోరుచున్నాము.